సోలార్ రేడియో టెలిస్కోప్‌తో మిల్లీసెకన్ల పరిశీలన: మొదటి నుంచి చివరి దాకా ఏర్పాట్లు

"ఇంటిగ్రేషన్ టైమ్ ఎంత పెట్టాలండీ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ అంకె (తెర మీది ఒక్కో పాయింటుకు సిగ్నల్‌ను ఎంతసేపు కూడబెట్టాలన్నది) మార్చడం ఒక్క క్షణం పని, అదీ చిట్టచివర చేసేది. మార్చాక తెర మీద కనిపించేది సూర్యుడా, పక్క చేను బోరు మోటారు స్టార్టరా అని తేల్చుకోవడానికే ఇన్ని ఏర్పాట్లు.

ఇక్కడ చెప్పేది డాబా మీద పెట్టుకునే చిన్న స్టేషన్ గురించి: ఒక లాగ్ పీరియాడిక్ యాంటెన్నా, ఒక ఎల్ఎన్ఏ (బలహీన సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్), ఒక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగుల్ (యూఎస్‌బీకి తగిలించే రేడియో రిసీవర్), ఒక రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్), ఒక జీపీఎస్ మాడ్యూల్. లక్ష్యం ముందు 10 మిల్లీసెకన్లు, అది కుదిరాక 1 మిల్లీసెకను. కాలేజీలో కాలిస్టో స్పెక్ట్రోమీటర్ (సూర్యుడి రేడియో ఫ్రీక్వెన్సీలను ఒక్కొక్కటిగా కొలుస్తూ పోయే రిసీవర్) ఉన్నవాళ్లకు 9వ భాగం ఉంది. అయితే 1 నుంచి 5 దాకా, 8వ భాగం వాళ్లూ చదవాల్సినవే.

## 1. ఏం చూడబోతున్నారో ముందు తేల్చుకోండి

సూర్యుడి మీద జరిగే ప్రతిదానికీ మిల్లీసెకన్లు అక్కర్లేదు. టైప్ 2 బర్స్ట్ (బర్స్ట్ అంటే సూర్యుడి నుంచి ఉన్నట్టుండి ఎగసే రేడియో సిగ్నల్, టైప్ అంకె దాని రకం) నిమిషాల తరబడి సాగుతుంది, దానికి పావు సెకను చాలు.

- నాయిస్ స్టార్మ్‌లోని టైప్ 1 బర్స్ట్‌లు: ఒక్కోటి సుమారు పదోవంతు సెకను నుంచి సెకను దాకా ఉంటుంది, వెడల్పు కొన్ని మెగాహెర్ట్జ్. తుఫాను గంటలు, ఒక్కోసారి రోజులు నడుస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి లక్ష్యం లేదు. ఇవాళ తప్పు చేస్తే రేపు దిద్దుకోవచ్చు.
- టైప్ 3: 200-300 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కోటి సుమారు సెకను. పై ఫ్రీక్వెన్సీ నుంచి కిందికి సెకనుకు కొన్ని వందల మెగాహెర్ట్జ్ వేగంతో జారుతుంది.
- స్పైక్‌లు: పదుల మిల్లీసెకన్లు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. వెడల్పు ఫ్రీక్వెన్సీలో ఒకటి రెండు శాతం.

స్పెక్ట్రమ్‌లో కనిపించే జీబ్రా, ఫైబర్ లాంటి చారల కోసం వెడల్పాటి బ్యాండ్ కావాలి. ఒక్క డాంగుల్‌తో వాటి జోలికి పోవద్దు.

కొలత ఇది: చూడాలనుకున్న దాని నిడివిలో కనీసం 5 పాయింట్లు పడాలి. 100 మిల్లీసెకన్ల టైప్ 1 బర్స్ట్‌కు 20 చాలు, 10 ఉంటే హాయి. 30 మిల్లీసెకన్ల స్పైక్‌కు 5 మిల్లీసెకన్లకు పైన పెడితే దాని ఆకారం పోతుంది.

టైప్ 3 జారుడు వేగం కొలుద్దామని ఉబలాటపడేవాళ్లు ఒకటి గమనించాలి. డాంగుల్ చూసే 2 మెగాహెర్ట్జ్‌ను టైప్ 3 బర్స్ట్ 10 మిల్లీసెకన్లలోపే దాటిపోతుంది. ఒక్క డాంగుల్‌లో అది నిలువు గీతలా కనిపిస్తుందే తప్ప వాలు కనిపించదు. 30 మెగాహెర్ట్జ్ ఎడంగా రెండు డాంగుల్స్ పెట్టండి. రెండింటి మధ్య ఆలస్యం పదుల మిల్లీసెకన్లు వస్తుంది, దాన్ని తేలిగ్గా కొలవచ్చు.

## 2. కాగితం మీద లెక్క వేయండి

టైమ్ రిజల్యూషన్ ఊరికే రాదు. ఇంటిగ్రేషన్ కాలం తగ్గించిన కొద్దీ గీత గజిబిజి అవుతుంది. సూత్రం ఇది:

నాయిస్ శాతం = 100 ÷ √(బ్యాండ్ వెడల్పు × ఇంటిగ్రేషన్ కాలం)

వెడల్పు హెర్ట్జ్‌లో, కాలం సెకన్లలో. సుమారు 7 డీబీ గెయిన్ ఉన్న యాంటెన్నా, 325 మెగాహెర్ట్జ్, మొత్తం సిస్టమ్ ఉష్ణోగ్రత (నాయిస్‌ను ఉష్ణోగ్రతగా చెప్పే కొలత) 250 కెల్విన్ అనుకుందాం. ఒక సోలార్ ఫ్లక్స్ యూనిట్ (చదరపు మీటరుకు, హెర్ట్జ్‌కు 10⁻²² వాట్లు) ఈ యాంటెన్నాలో సుమారు 1.2 కెల్విన్లు పెంచుతుంది. దాన్ని బట్టి:

- 8 కిలోహెర్ట్జ్ చానెల్, 10 మి.సె.: నాయిస్ 11 శాతం, అంటే సుమారు 23 ఫ్లక్స్ యూనిట్లు
- 128 కిలోహెర్ట్జ్, 10 మి.సె.: 2.8 శాతం, సుమారు 6 యూనిట్లు
- 128 కిలోహెర్ట్జ్, 1 మి.సె.: 8.8 శాతం, సుమారు 18 యూనిట్లు
- 1.5 మెగాహెర్ట్జ్ మొత్తం కలిపి, 1 మి.సె.: 2.6 శాతం, సుమారు 5 యూనిట్లు

ఇవి ఒక సిగ్మా విలువలు, అంటే నాయిస్ మామూలుగా అటూ ఇటూ ఊగే మేర. నమ్మాలంటే వీటికి అయిదు రెట్లు కావాలి. అంటే 128 కిలోహెర్ట్జ్, 10 మి.సె. సెటప్‌లో 30 యూనిట్ల కంటే చిన్న స్పైక్ మీది కాదు. వందల యూనిట్లు దాటే బర్స్ట్‌లు మాత్రం సుఖంగా దొరుకుతాయి.

ఇందులోంచి తేలేది: కాలాన్ని పదో వంతు చేస్తే చానెల్‌ను పది రెట్లు వెడల్పు చేయాలి. రెండూ సన్నగా కావాలంటే పెద్ద యాంటెన్నా కొనుక్కోవాలి, లేదా ఆశ చంపుకోవాలి.

## 3. సామాను

- లాగ్ పీరియాడిక్ యాంటెన్నా (మీ ఫ్రీక్వెన్సీ దాని బ్యాండ్ మధ్యలో పడాలి, అంచున కాదు)
- బ్యాండ్ పాస్ ఫిల్టర్, ఎల్ఎన్ఏ: రెండూ యాంటెన్నా దగ్గరే, వాన తగలని డబ్బాలో
- మంచి కోయాక్స్ (డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 పనికొస్తుంది. 75 ఓమ్‌ల తేడాతో పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు)
- 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు తేడా) టీసీఎక్స్ఓ, అంటే వేడికి అంతగా జరగని గడియారపు క్రిస్టల్, ఉన్న ఆర్‌టీఎల్ డాంగుల్స్ రెండు
- పీపీఎస్ (సెకనుకో పల్స్) పిన్ బయటికి ఇచ్చిన జీపీఎస్ మాడ్యూల్ (చాలా చవక బోర్డుల్లో ఈ పిన్ ఉండదు, కొనేముందే చూసుకోండి)
- 4 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై, యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ
- 50 ఓమ్ టర్మినేటర్ (యాంటెన్నా బదులు తగిలించే మూత), 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది), చిన్న నాయిస్ సోర్స్ బోర్డు

డాంగుల్‌ను డాబా మీద రేకు డబ్బాలో పెట్టొద్దు. కేబుల్ నష్టం తగ్గుతుందని ఒక మే నెలలో నేనూ పెట్టాను. మధ్యాహ్నం రెండింటికల్లా అది మొరాయించేది, సరిగ్గా సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడే. ఎల్ఎన్ఏ పైన ఉండాలి, డాంగుల్ నీడన గదిలో ఉండాలి.

## 4. ఖాళీ బ్యాండ్ వెతకండి

యాంటెన్నా బిగించేముందు మీ డాబా మీద ఆకాశవాణి ఎంత, పోలీసు వైర్‌లెస్ ఎంత అని తెలియాలి. 88-108 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం, దాని పైన విమానాలు, 137 దగ్గర ఉపగ్రహాలు, ఆపైన వాకీటాకీలు, 240-270లో సైనిక ఉపగ్రహాలు. రేడియో ఖగోళానికి కేటాయించిన 322-328.6, 406.1-410 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లతో మొదలుపెట్టండి. ఊటీ రేడియో టెలిస్కోప్ పనిచేసేది 326.5లో. కేటాయించారు కదా అని మీ వీధిలో ఖాళీగా ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

క్రమం:

1. ఒక పగలు, ఒక రాత్రి మొత్తం 300 నుంచి 420 దాకా స్వీప్ చేయండి.
2. సగటు స్పెక్ట్రమ్ ఒక్కటే చూస్తే మోసపోతారు. ప్రతి చానెల్‌కూ గరిష్ఠ విలువ కూడా దాచండి. అరగంటకోసారి ఒక సెకను మాట్లాడే వాకీటాకీ సగటులో కనబడదు, మిల్లీసెకన్ల డేటాలో మాత్రం అదే రాజు.
3. గరిష్ఠం, సగటు రెండూ అణిగి ఉన్న 2 మెగాహెర్ట్జ్ తునకను ఎంచుకోండి.
4. దానికి 10 మెగాహెర్ట్జ్ అటూ ఇటూ బలమైన ట్రాన్స్‌మిటర్ ఉందేమో చూడండి. ఉంటే ఫిల్టర్ లేకుండా ముందుకు పోవద్దు.

## 5. యాంటెన్నా గురి

లాగ్ పీరియాడిక్ బీమ్ వెడల్పు సుమారు 60 డిగ్రీలు. కదలకుండా బిగించినా నడిమధ్యాహ్నానికి అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు సూర్యుడు బీమ్‌లోనే ఉంటాడు. మొదటి నెల ఇది చాలు, మోటారు హడావిడి వద్దు.

ఇక్కడ చాలామంది గడియారంలో 12 చూసి యాంటెన్నా బిగిస్తారు. హైదరాబాద్‌లో సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటేది సగటున 12:16కి. ఏడాదిలో ఆ సమయం సుమారు 12:00కీ 12:30కీ మధ్య ఊగుతుంది. ఎత్తు కూడా అంతే: డిసెంబరు చివర్లో దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, జూన్ చివర్లో నడినెత్తి దాటి ఉత్తరానికి 6 డిగ్రీలు వెళ్తాడు. నెలకోసారి వంపు సరిచేయాలి.

గురి చూడటానికి సూర్యుడి వైపు చూడనవసరం లేదు, చూడకూడదు కూడా. యాంటెన్నా బూమ్‌కు ఒక చీపురుపుల్లను వంకర లేకుండా, బూమ్ దిశలోనే నిలబడేలా అంటించండి. పుల్ల నీడ మాయమై చుక్కలా మిగిలిందంటే గురి కుదిరింది.

పోల్‌కు ఎర్తింగ్ తప్పనిసరి. ఉరుములు వినబడితే కేబుల్ పీకేసి కిందికి దిగండి, బర్స్ట్ పోతే పోయింది.

## 6. గెయిన్: తక్కువే మంచిది

ఆటో గెయిన్ రెండు చోట్ల ఉంటుంది, ట్యూనర్‌లో ఒకటి, డాంగుల్ చిప్‌లో ఒకటి. రెండూ ఆపేయండి. ఒక్కటి మిగిలినా బర్స్ట్ వచ్చినప్పుడు గెయిన్ దానంతటదే తగ్గి శిఖరాన్ని నరికేస్తుంది.

తర్వాత డాంగుల్ ఇచ్చే 8 బిట్ల నమూనాల (శాంపిళ్ల) ఆర్ఎంఎస్, అంటే వాటి సగటు బలం, చూడండి. గరిష్ఠ విలువ 127. "బాగా నిండుగా ఉంటే మంచిది కదా" అని 20, 30 దాకా పెంచేస్తారు. లెక్క చూడండి:

- ఆర్ఎంఎస్ 10 దగ్గర పెడితే, పవర్ పది రెట్లు కాగానే నమూనాలు గోడకు కొట్టుకోవడం మొదలవుతుంది. మన యాంటెన్నాకు అది సుమారు 1,800 యూనిట్ల బర్స్ట్.
- ఆర్ఎంఎస్ 5 దగ్గర పెడితే నలభై రెట్లకు గానీ కొట్టుకోదు. అంటే 7,900 యూనిట్ల దాకా చోటు. దీనికి చెల్లించే క్వాంటైజేషన్ నాయిస్ (విలువలను పూర్ణాంకాలకు గుండ్రం చేయడం వల్ల వచ్చేది) అర శాతం కూడా ఉండదు.

నేను 4-5 మధ్య పెడతాను. దాంతోపాటు ఇంకో పరీక్ష: యాంటెన్నా కేబుల్ తీసి ఎల్ఎన్ఏకు 50 ఓమ్ టర్మినేటర్ పెట్టండి. తర్వాత ఎల్ఎన్ఏ కరెంటు తీసేయండి. లెవెల్ కనీసం 10 డీబీ పడిపోవాలి. పడకపోతే మీరు వింటున్నది డాంగుల్ సొంత నాయిస్‌ను. అప్పుడు డాంగుల్ గెయిన్ తగ్గించి ఎల్ఎన్ఏ గెయిన్ పెంచాలి.

రెండో డాంగుల్‌ను 10 డీబీ అటెన్యుయేటర్ వెనకాల అదే ఫ్రీక్వెన్సీలో పెట్టుకుంటే పెద్ద బర్స్ట్‌కు బీమా.

## 7. గడియారం

నిజమైన పని ఇక్కడే ఉంది. తీరిగ్గా చదవండి.

7.1 యూఎస్‌బీ మోసం. డాంగుల్ నమూనాలను ఒక్కొక్కటిగా పంపదు, గంపలు గంపలుగా పంపుతుంది. సాధారణ ప్రోగ్రామ్‌లలో ఒక గంప 2,62,144 బైట్లు, అంటే 1,31,072 నమూనాలు. సెకనుకు 20,48,000 నమూనాల వేగంలో అది సరిగ్గా 64 మిల్లీసెకన్లు. గంప చేరినప్పుడు కంప్యూటర్ టైమ్ చూసి ముద్ర వేస్తే మీ 10 మిల్లీసెకన్ల డేటా మీద 64 మిల్లీసెకన్ల అబద్ధం కూర్చుంటుంది. పైగా అది గంప గంపకూ మారుతుంది.

7.2 విరుగుడు. టైమ్ చూడటం మానేసి నమూనాలు లెక్కపెట్టండి. ప్రతి గంప రాగానే రెండు అంకెలు రాసుకోండి: ఇప్పటిదాకా వచ్చిన నమూనాల సంఖ్య, ఆ క్షణపు సిస్టమ్ టైమ్. పది నిమిషాల అంకెలను, సంఖ్య అడ్డంగా, టైమ్ నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే ఒక సరళరేఖ వస్తుంది. ఒకటిని దాని వాలుతో భాగిస్తే వచ్చేదే మీ డాంగుల్ అసలు వేగం.

ఆ రేఖను సగటు మీద అమర్చొద్దు. గంప ఆలస్యంగా రాగలదు కానీ ఎప్పుడూ ముందుగా రాలేదు. అందుకని చుక్కల గుంపు కింది అంచు వెంబడి గీయండి. ఈ ఒక్క మార్పుతో నా టైమ్ చెదురు పది మిల్లీసెకన్ల నుంచి ఒకటి లోపుకు వచ్చింది.

7.3 నమూనాలు పోతే? రాస్ప్‌బెర్రీ పై బిజీగా ఉంటే గంపలకు గంపలే చడీచప్పుడు లేకుండా పోతాయి. గ్రాఫ్‌లో అది మెట్టులా కనిపిస్తుంది: రేఖ ఉన్నట్టుండి 64 మిల్లీసెకన్లు పైకి లేచి మళ్లీ అదే వాలుతో సాగుతుంది. మెట్టు కనిపించిన చోట ఫైల్‌ను తెంచి కొత్త రేఖ మొదలుపెట్టండి. ముందే ఆర్‌టీఎల్ టెస్ట్ ప్రోగ్రామ్‌ను అరగంట నడిపి, పోయిన నమూనాల సంఖ్య సున్నా అని చూసుకోండి.

7.4 సిస్టమ్ టైమ్‌ను ఎవరు దిద్దుతారు? ఇంటర్నెట్ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైమ్ దిద్దే పద్ధతితో) కొన్ని మిల్లీసెకన్ల నుంచి పదుల దాకా తేడా ఉంటుంది. జీపీఎస్ పీపీఎస్ తీగను రాస్ప్‌బెర్రీ పై జీపీఐఓ పిన్‌కు కలిపి, టైమ్ దిద్దే క్రోనీ ప్రోగ్రామ్‌కు అప్పజెప్పితే మైక్రోసెకన్లలోకి వస్తుంది. 1 పీపీఎం డాంగుల్ కూడా తన లెక్కకు వదిలేస్తే గంటకు 3.6 మిల్లీసెకన్లు జరుగుతుంది, 50 పీపీఎం చవకరకం గంటకు 180. అందుకే 7.2లోని రేఖను పది నిమిషాలకోసారి కొత్తగా అమర్చాలి.

7.5 మొత్తం దారిని పరీక్షించండి. క్రోనీ "అంతా బాగుంది" అంటే నమ్మి కూర్చోవద్దు. జీపీఎస్ పీపీఎస్ పల్స్‌తో ఒక ట్రాన్సిస్టర్ ద్వారా నాయిస్ సోర్స్ బోర్డును ఆన్ చేయించి, దాని అవుట్‌పుట్‌ను చిన్న తీగముక్కతో యాంటెన్నా పక్కన వదలండి. పరిశీలన మొదట్లో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం చాలు. డేటాలో ప్రతి పల్స్ మొదటి అంచు సరిగ్గా పూర్ణ సెకను దగ్గర పడాలి. పక్కకు పడితే ఆ తేడాయే మీ మొత్తం ఆలస్యం, దాన్ని తీసేయండి. రోజు రోజుకూ మారుతుంటే ఇంకా ఎక్కడో గంప టైమ్ వాడుతున్నారని అర్థం.

నాయిస్ బోర్డు కరెంటు లైన్ మీద పెద్ద కెపాసిటర్ ఉంటే అంచు బద్ధకంగా లేస్తుంది. దాన్ని తీసేయండి.

7.6 ఫైళ్లలో టైమ్ ఎప్పుడూ యూటీలోనే (అంతర్జాతీయ సమయంలోనే). ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 అంటే 03:30 నుంచి 09:30 యూటీ. ఐఎస్‌టీ మీ నోటుబుక్కులోనే ఉండనివ్వండి.

గడియారం చెక్‌లిస్ట్

- [ ] పీపీఎస్ లాక్ అయ్యింది, క్రోనీ దాన్నే వాడుతోంది
- [ ] నమూనాల రేఖలో మెట్లు లేవు
- [ ] నాయిస్ పల్స్ అంచులు 60కి 60 ఒకే చోట పడ్డాయి
- [ ] ఫైల్ పేరులో, హెడర్‌లో యూటీ

## 8. ఎఫ్ఎఫ్‌టీ, నిల్వ, కరెంటు గీతలు

8.1 అంకెలు ఇలా ఎంచుకోండి. సెకనుకు 20,48,000 నమూనాలు, 256 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ (నమూనాలను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క). ఒక్కో ఎఫ్ఎఫ్‌టీ 125 మైక్రోసెకన్లు, ఒక్కో చానెల్ 8 కిలోహెర్ట్జ్. 80 కలిపితే సరిగ్గా 10 మిల్లీసెకన్లు, 8 కలిపితే 1. 24 లక్షల వేగంలో ఈ గుండ్రటి లెక్క కుదరదు.

- హాన్ విండో (ఎఫ్ఎఫ్‌టీకి ముందు ముక్క అంచులను మెల్లగా సున్నాకు దించే గుణకం) వాడండి.
- రెండు అంచుల్లో 32 చొప్పున చానెళ్లు, నడిమధ్య 3 చానెళ్లు పారేయండి. మధ్యలో ఉండేది డాంగుల్ సొంత డీసీ స్పైక్, సూర్యుడికి దానితో సంబంధం లేదు.
- సగటు ఎప్పుడూ పవర్ మీదే తీయండి. డెసిబెల్‌లోకి మార్చి సగటు తీస్తే చిన్న స్పైక్‌లు నలిగిపోతాయి. అందరూ చేసే తప్పు ఇది.

8.2 ఎంత చోటు? ముడి నమూనాలు సెకనుకు 4.1 ఎంబీ, గంటకు 14.7 జీబీ. రోజంతా దాచడం దండగ. 256 చానెళ్లు 10 మిల్లీసెకన్లకు కుదిస్తే గంటకు సుమారు 370 ఎంబీ, 1 మిల్లీసెకనుకు 3.7 జీబీ.

నేను చేసేది: కుదించిన డేటా ఎప్పుడూ ఎస్ఎస్‌డీకి వెళ్తుంది. ముడి నమూనాలు మెమరీలో రెండు నిమిషాల పాటు గుండ్రంగా తిరుగుతుంటాయి, దానికి 490 ఎంబీ చాలు. పవర్ అయిదు సిగ్మాలు దాటితే దానికి ముందరి 30 సెకన్లతో కలిపి డిస్కుకు రాస్తుంది. తర్వాత తీరిగ్గా 1 మిల్లీసెకనుకైనా, అంతకంటే సన్నగానైనా విడగొట్టుకోవచ్చు.

ఎస్‌డీ కార్డు మీద రాయొద్దు. అది మధ్యమధ్య ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతుంది, ఆగినప్పుడల్లా గంపలు పోతాయి.

8.3 వంద హెర్ట్జ్ పీడ. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇన్వర్టర్లు, ఎల్ఈడీ బల్బులు, తుప్పుపట్టిన ఇన్సులేటర్లు అర సైకిల్‌కోసారి, అంటే 10 మిల్లీసెకన్లకోసారి చిటపటలాడతాయి. దీన్ని ఏ కిటికీతో (ఎంత ఇంటిగ్రేషన్ కాలంతో) చూస్తున్నారన్న దాని మీద అది వేషం మారుస్తుంది:

- 8 మిల్లీసెకన్లు పెడితే 40 మిల్లీసెకన్ల పీరియడ్‌తో దొంగ పల్సేషన్ పుడుతుంది. చూడటానికి ఎంతో అందంగా, అచ్చం సూర్యుడిలానే ఉంటుంది.
- సరిగ్గా 10 పెడితే ప్రతి కిటికీలో ఒక్కో చిటపట పడి చాలావరకు దాక్కుంటుంది. కానీ కరెంటు ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 ఉండదు. 49.97 ఉంటే పదిహేడు సెకన్లకోసారి లెక్క తప్పి గీత మినుకుమంటుంది.
- 1 మిల్లీసెకనులో నేరుగా దొరికిపోతుంది.

అందుకే మొదటి రోజే ఒక గంట 1 మిల్లీసెకను డేటా తీసి, దాన్ని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. మూపురం కనిపిస్తే ఇంట్లో ఒక్కో స్విచ్చు ఆపుతూ దొంగను పట్టుకోండి. మెయిన్ ఆపేసి, రాస్ప్‌బెర్రీ పైని బ్యాటరీ మీద నడిపితే మూపురం పోయిందా? దొంగ ఇంట్లోనే. పోలేదా? వీధిలో.

8.4 పల్లెటూళ్ల ప్రత్యేకం. అడవిపందుల కోసం చేల చుట్టూ వేసే సోలార్ కంచె సుమారు సెకనుకోసారి పల్స్ కొడుతుంది. మొదటిసారి చూసినప్పుడు "క్వాసీ పీరియాడిక్ పల్సేషన్" (ఇంచుమించు క్రమం తప్పకుండా కొట్టుకునే సౌర సిగ్నల్) దొరికిందని రెండు రోజులు సంబరపడ్డాను. మూడో రోజు రాత్రి కూడా అదే వచ్చింది.

ఆటో ఇంజను స్పార్క్, మోటారు స్టార్టర్, వెల్డింగ్, మెరుపు: ఇవన్నీ 2 మెగాహెర్ట్జ్ మొత్తాన్నీ ఒకేసారి తాకుతాయి, ఒకటి రెండు మిల్లీసెకన్ల పదునుతో. సూర్యుడి స్పైక్‌కు సాధారణంగా ఎక్కే వాలు, దిగే వాలు ఉంటాయి.

వీటిని తీసేసే ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లతో జాగ్రత్త. మిల్లీసెకన్ల స్థాయిలో స్పైక్‌ను, స్పార్క్‌ను అవి ఒకే కంటితో చూస్తాయి. అనుమానపు పాయింట్లకు గుర్తు పెట్టమనండి, చెరపమనొద్దు.

## 9. కాలిస్టో ఉన్నవాళ్లకు

కాలిస్టో సెకనుకు 800 కొలతలు తీయగలదు, అంతే. 200 చానెళ్లు పెడితే సెకనుకు 4 స్వీప్‌లు, అంటే 0.25 సెకను. చానెళ్లు తగ్గించడమే మార్గం: 20 పెడితే 25 మిల్లీసెకన్లు, 8 పెడితే 10.

1. ముందు ఓవర్‌వ్యూ తీయండి. 45 నుంచి 870 మెగాహెర్ట్జ్ దాకా 62.5 కిలోహెర్ట్జ్ అడుగులతో 13,200 చానెళ్లు వస్తాయి.
2. అందులో అణిగి ఉన్న 20 ఫ్రీక్వెన్సీలు ఏరి కొత్త ఫ్రీక్వెన్సీ ఫైల్ రాయండి.
3. దానికి 20 చానెళ్లని కాన్ఫిగరేషన్‌లో సరిచేయండి. ఫైల్ ఒకటి, కాన్ఫిగరేషన్ ఇంకొకటి చెబితే డేటా వస్తుంది కానీ దానికి అర్థం ఉండదు.
4. రోజంతా అలా వదిలేయొద్దు. షెడ్యూలర్‌లో ఒక గంట కేటాయించి మళ్లీ 200కు వచ్చేయండి. లేదంటే స్పెక్ట్రమ్‌లో టైప్ 2 లాంటివి గుర్తుపట్టలేరు.

మర్చిపోకూడనిది: కాలిస్టో ఒక్కో చానెల్‌ను వేరే క్షణంలో కొలుస్తుంది. 0.25 సెకను స్వీప్‌లో మొదటి చానెల్‌కూ చివరి చానెల్‌కూ పావు సెకను ఎడం. ఈలోగా 200 మెగాహెర్ట్జ్ దగ్గరి టైప్ 3 సుమారు 40 మెగాహెర్ట్జ్ జారిపోతుంది. ఫైల్‌లో మాత్రం మొత్తం వరుసకు ఒకే టైమ్ ఉంటుంది. జారుడు వేగం కొలిచేటప్పుడు చానెల్ సంఖ్యను 1.25 మిల్లీసెకన్లతో గుణించి టైమ్‌కు కలపండి.

## 10. పరిశీలన రోజు క్రమం

- [ ] ముందు రోజు సూర్యుడి మీద చురుకైన ప్రాంతం ఉందేమో చూడటం
- [ ] రాస్ప్‌బెర్రీ పై, డాంగుల్ ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వడం
- [ ] పుల్ల నీడతో గురి
- [ ] టర్మినేటర్‌తో 1 నిమిషం
- [ ] యాంటెన్నాతో ఆర్ఎంఎస్ 4-5 మధ్య ఉందని నిర్ధారణ
- [ ] పీపీఎస్ నాయిస్ పల్స్ 1 నిమిషం, తర్వాత ఆపడం (మర్చిపోయి రోజంతా వదిలేసినవాళ్లు ఉన్నారు)
- [ ] పరిశీలన: గెయిన్, ఫ్రీక్వెన్సీ ముట్టుకోవద్దు
- [ ] ముగింపులో పల్స్ 1 నిమిషం, టర్మినేటర్ 1 నిమిషం
- [ ] నోటుబుక్కులో: కరెంటు పోయిన వేళలు, ఉరుములు, పక్కింట్లో వెల్డింగ్

ఫ్లక్స్ యూనిట్లలోకి మార్చాలంటే అమెరికా వైమానిక దళపు సౌర రేడియో నెట్‌వర్క్ 245, 410 మెగాహెర్ట్జ్‌లలో రోజూ ఇచ్చే విలువలు వాడుకోవచ్చు. 406.1-410 బ్యాండ్ ఎంచుకున్నవాళ్లకు నేరుగా పనికొస్తాయి, 325 వాళ్లు మధ్య విలువ తీసుకోవాలి.

## 11. దొరికింది సూర్యుడేనా?

వరుసగా అడగండి. మొదటి "కాదు" దగ్గరే ఆగిపోండి.

1. అటెన్యుయేటర్ వెనకాల ఉన్న రెండో డాంగుల్‌లో కూడా అదే క్షణంలో, అదే ఆకారంలో ఉందా? ఆకారం మారితే మొదటిది గోడకు కొట్టుకుంది.
2. 8.3లో చెప్పినట్టు కోసి పేర్చితే 10 మిల్లీసెకన్ల మడతలో, ఒక సెకను మడతలో ఏ మూపురమూ లేదా?
3. యాంటెన్నాను సూర్యుడికి 90 డిగ్రీల పక్కకు తిప్పినప్పుడు ఇలాంటివి తగ్గిపోతున్నాయా? నాయిస్ స్టార్మ్ నడుస్తుండగా చేయాల్సిన పరీక్ష ఇది. ఒక్క బర్స్ట్‌తో కుదరదు.
4. రాత్రి ఇలాంటివి సున్నానా?
5. అదే నిమిషంలో ఈ-కాలిస్టో నెట్‌వర్క్‌లో (దేశదేశాల కాలిస్టో స్టేషన్ల బృందంలో) దూరపు స్టేషన్ ఏదైనా చూసిందా? హిందూపురం దాటగానే కర్ణాటకలో ఉన్న గౌరీబిదనూరు స్టేషన్, ఊటీ స్టేషన్ మన పగటివేళే పనిచేస్తాయి, వాటి బొమ్మలు అందరికీ తెరిచే ఉంటాయి.

అయిదోదానిలో ఒక చిక్కు: వాటి రిజల్యూషన్ పావు సెకను. మీ 30 మిల్లీసెకన్ల స్పైక్ అక్కడ విడిగా కనబడదు, స్పైక్‌ల గుంపు మాత్రమే మరకలా కనిపిస్తుంది. గుంపు సరిపోలితే చాలు. ఒంటరి స్పైక్ అయితే దాన్ని నోటుబుక్కులో ప్రశ్నార్థకంతో రాసి, ముడి నమూనాల ఫైల్ చెరపకుండా ఉంచుకోండి. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఇంకెవరైనా ఇదే సెటప్ పీపీఎస్‌తో నడిపితే, అదే మిల్లీసెకనులో వాళ్లకూ పడిందో లేదో అడగడానికి అది కావాలి.